భీమిలి లంగరు, మా కొండ వలిసెలు

డుంబ్రిగుడలో ఏ మెట్టెక్కి చూసినా సముద్రం కనబడదు. అయినా మా ఊరి చరిత్రలో సగం భీమిలి రేవులోనే ఉంది. శీతాకాలంలో మండలమంతా పసుపు ఆరబోసినట్టు పూసే వలిసె చేలల్లో ఫొటోలు దిగడానికి ఇప్పుడు పర్యాటకులు వస్తున్నారు. మావాళ్లు వలిసెలు వేసింది మాత్రం గింజ కోసం. ఒకప్పుడు కొండల్లో పండిన ఆ గింజ పల్లానికి దిగి, భీమిలిలో ఓడెక్కి, పరదేశాలకు పోయేది.

ఈ కొండల నీరు రెండు దారుల్లో సముద్రం చేరుతుంది. పడమటి వాలు గెడ్డలు మాచ్‌ఖండ్‌లో కలిసి సీలేరు, శబరి మీదుగా గోదావరికి పోతాయి. తూర్పున బొర్రా దగ్గర పుట్టిన గోస్తనీ తాటిపూడి మీదుగా పారి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. సరుకూ తూర్పు దారే పట్టింది. అనంతగిరి ఘాటు దిగితే బొడ్డవర, శృంగవరపుకోట, అక్కణ్ణుంచి తీరం. జయపురం వైపు సరుకు పాచిపెంట ఘాటు మీదుగా సాలూరుకు దిగేది. బంజారాలు ఎద్దుల మీద కంట్లాలు వేసి ధాన్యం, నూనెగింజలు దించేవారు, తిరుగు ప్రయాణంలో ఉప్పు ఎక్కించుకొచ్చేవారు. కొండమీద ఏ పంటైనా పండించుకోవచ్చు, ఉప్పు మాత్రం తీరం నుంచి రావాల్సిందే.

భీమిలిలో డచ్చివాళ్లు 17వ శతాబ్దంలోనే వర్తకం పెట్టారు, కోట కట్టారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది, 1861లో మునిసిపాలిటీ అయింది. తీరం వెంట తిరిగే స్టీమర్లు ఆగే రేవుల్లో అదొకటి. నువ్వులు, వలిసెలు, కరక్కాయలు, గోగునార అక్కడ ఓడెక్కేవి. ఆ గోగునార లోకమంతటా ‘బిమ్లీ జ్యూట్’ పేరుతోనే అమ్ముడుపోయింది.

రేవు అన్నానని ఓడ గట్టుకు ఆనుకుని నిలిచేదనుకోకండి. భీమిలిలో ఓడకు చాటు లేదు. తీరానికి ఎడంగా, తెరిచిన సముద్రంలోనే లంగరు వేసి నిలబడాలి. గట్టుకూ ఓడకూ మధ్య విరిగే అలల్ని దాటించేవి మసూలా పడవలు. మేకులు కొట్టకుండా పలకల్ని కొబ్బరితాడుతో కుట్టిన పడవలవి. అల తగిలితే కుట్టు సాగుతుంది, పలక పగలదు. మేకులు కొట్టిన పడవైతే ఆ దెబ్బకు చీలిపోయేది. మూటలన్నీ ఆ పడవల్లోనే ఓడ దాకా వెళ్లాలి. అల పెరిగితే పని ఆగేది. సరుకు ఒడ్డునా, ఓడ సముద్రంలోనూ కాచుకునేవి. గోస్తనీ మొగలోకి చిన్న పడవలు దూరగలిగినా పెద్ద ఓడలకు ఆ వీలు లేదు. ఆశ్వయుజ, కార్తీకాల్లో తుఫాను జాడ కనబడితే నావికుడు లంగరు ఎత్తి నడిసముద్రంలోకి పోవాల్సిందే. గట్టుకు దగ్గరగా ఉండటమే అప్పుడు పెద్ద ప్రమాదం.

రాత్రిపూట భీమిలికి వచ్చే ఓడలకు ఇంకో గండం కోనాడ ఎదుట సముద్రంలోని రాళ్లు. వాటి గురించి హెచ్చరించడానికే 1847లో చింతపల్లి కొండ మీద దీపస్తంభం కట్టారు. ఇది మన్యంలోని చింతపల్లి కాదు, తీరంలోది. దక్షిణాన కోరంగికి మంచి చాటు ఉండేది, ఓడలు అక్కడ బాగుచేయించుకునేవారు. 1839 తుఫాను ఆ ఊరినే తుడిచిపెట్టింది. చాటున్న రేవుకూ తూర్పు తీరంలో భరోసా లేదన్నమాట.

భీమిలిని దెబ్బతీసింది మాత్రం గాలివాన కాదు, రైలు. 1890లలో వచ్చిన తూర్పుతీర రైలుమార్గం విజయనగరం మీదుగా పోయింది, భీమిలికి రాలేదు. 1931లో విజయనగరం-రాయపూర్ లైను పూర్తయింది. 1933లో విశాఖలో ఓడలు లోపలికొచ్చి గట్టునే నిలిచే హార్బరు తెరిచారు. ఇక మసూలా పడవకు కూలి ఇచ్చి అలల మీద మూటలు మోయించే అవసరం ఎవరికి?

తర్వాత రైలు మా కొండలకూ వచ్చింది, మా సరుకు కోసం కాదు. 1960లలో వేసిన కొత్తవలస-కిరండోల్ లైను బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం, అది కొనే జపాను కోసం. పెద్ద ఓడల కోసం విశాఖలో 1976లో బయటి హార్బరు వచ్చింది. ఎద్దు కంట్లంలో మా గింజ దిగిన ఘాట్ల పక్కనే ఇప్పుడు ఎక్కడిదో ఖనిజం సొరంగాల్లో దిగుతోంది. ఆ రైలు మాకు పర్యాటకుల్ని తెచ్చింది, నిజమే. వలిసెల బేరం మాత్రం సంత దగ్గరే ఆగింది.

ఇవాళ తెరచాప పడవ మీద చెన్నై నుంచి కోల్‌కతా వైపు పోయేవాడికీ భీమిలి పాత సంగతే చెబుతుంది: జనవరి నుంచి మార్చి దాకా సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడు ఒక రాత్రి లంగరు వేయవచ్చేమో గాని, గాలి తిరిగితే చాటు లేదు. చాటు కావాలంటే విశాఖ. అక్కడ పోర్టు, నౌకాదళం అనుమతులు ముందు.

రేవుల చరిత్ర రాసేవాళ్లు కోటలు, సమాధులు, దీపస్తంభాలు లెక్కపెట్టి ఊరుకుంటారు. ఓడలోకి ఎక్కిన మూట ఏ చేలో పండిందో అడగరు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చాక ఈ కొండల పేరు సరుకు మీదే కనబడుతోంది. వలిసెలు ఎగుమతైన రోజుల్లో మా తాతలకు ఆ గౌరవం దక్కలేదు. భీమిలి చరిత్రలో వాళ్లకో అధ్యాయం రాయడం ఇప్పటికీ మన చేతిలో పనే.