పేరు పలక ఎక్కే నెల

మన సాఫ్ట్‌వేరు వాళ్ళకి ఏప్రిల్ ఎలాగో, ఒకప్పుడు జపాన్లో కబుకి నటులకి చాంద్రమాన పదకొండో నెల అలాగ! ఎడో కాలంలో నాటకశాలలు నటులతో ఏడాదికే ఒప్పందం చేసుకునేవి. అది ఆ నెలతో మొదలు. అప్పటి ప్రదర్శనల పేరు 'కావొమిసే', అంటే ముఖం చూపించడం. ఈ ఏడాది మా దగ్గరున్నది వీళ్ళు అని జనానికి చెప్పుకోవడమన్నమాట. పేరుమోసిన వాళ్ళని 'వెయ్యి ర్యోల నటుడు' అనేవాళ్ళు. ప్యాకేజీతో మనిషిని కొలవడం మన కనిపెట్టుడు కాదు :)

ఆ ఒప్పందాలు ఎప్పుడో పోయాయి, ఆచారం మిగిలింది. క్యోటోలో మినామిజా నాటకశాల ముందు డిసెంబరు ప్రదర్శనలకి నటుల పేర్లు రాసిన చెక్క పలకలు వరసగా ఎక్కిస్తారు. ఫొటోల్లో ఆ రాత చూసి ముచ్చటేసింది. 1779లో ఎడోలో ఒకాజాకియా కన్‌రోకు మొదలుపెట్టిన పద్ధతది. అక్షరాలు లావుగా, మధ్యలో ఖాళీ లేకుండా రాస్తారు, హాల్లో సీట్లూ ఖాళీగా ఉండకూడదని. గీతలు లోపలికి వంపు తిరుగుతాయి, జనం లోపలికి రావాలని. ఫాంటుకి కూడా సెంటిమెంటే!

నాకు మింగుడుపడనిది ఇంకోటుంది. 1603లో ఇదే క్యోటోలో కబుకికి నాంది పలికింది ఒకునీ అనే ఆడమనిషి. 1629లో షోగున్ల ప్రభుత్వం నీతి పేరు చెప్పి ఆడవాళ్ళని వేదిక దింపేసింది. వాళ్ళ బదులు ఆడిన కుర్రాళ్ళనీ 1652లో ఆపింది. ఇహ ఆడవేషాలు పెద్ద మగవాళ్ళకే మిగిలాయి. అందులోంచి 'ఒన్నగాతా' అనే గొప్ప కళ పుట్టింది, కాదనను. కానీ నిషేధం పోయి వందేళ్ళు దాటినా పలకల మీద మగవాళ్ళ పేర్లే. ఒకునీ విగ్రహం మాత్రం మినామిజాకి రోడ్డు అవతల, కామో నది ఒడ్డున నిలబడి ఉంది.