సంయుక్త సమావేశం: అధ్యక్షత (భారత పార్లమెంటు)

ఒక బిల్లుపై లోక్‌సభ, రాజ్యసభల మధ్య ప్రతిష్టంభన ఏర్పడినప్పుడు రాజ్యాంగం 108వ అధికరణం కింద రాష్ట్రపతి పిలుపుతో ఉభయసభలూ కలిసి కూర్చునే సంయుక్త సమావేశానికి, 118(4) ప్రకారం లోక్‌సభ స్పీకర్ అధ్యక్షత వహిస్తారు. రాజ్యసభ ఛైర్మన్ అయిన ఉపరాష్ట్రపతి హోదాలో స్పీకర్ కంటే పైవారైనా, ఏ సభలోనూ సభ్యులు కారు గనుక ఈ పీఠం ఆయనకు దక్కదు.

స్పీకర్ లేనప్పుడు లోక్‌సభ డిప్యూటీ స్పీకర్, ఆయనా లేకుంటే రాజ్యసభ డిప్యూటీ ఛైర్మన్, వారెవరూ లేనప్పుడు హాజరైన సభ్యులు నిర్ణయించిన వ్యక్తి అధ్యక్షత వహించాలని నియమావళి చెబుతుంది. ఈ వరుస కాగితానికే పరిమితం కాలేదు. అమలాపురం నుంచి ఎన్నికైన స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి 2002 మార్చి 3న కైకలూరు వద్ద హెలికాప్టర్ ప్రమాదంలో మరణించగా, అదే నెల 26న ఉగ్రవాద నిరోధక బిల్లుపై జరిగిన సమావేశాన్ని డిప్యూటీ స్పీకర్ పి.ఎం. సయీద్ నడిపించారు. అంతకుముందు వరకట్న నిషేధ బిల్లుపై 1961లోనూ, బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లుపై 1978లోనూ మాత్రమే ఇటువంటి సమావేశాలు జరిగాయి.

అధ్యక్షులు మొదట ఓటు వేయరు; ఇరుపక్షాల ఓట్లు సమానమైతేనే నిర్ణాయక ఓటు వినియోగిస్తారు. అయితే హాజరై ఓటు వేసిన వారి మెజారిటీయే ఫలితాన్ని తేలుస్తుంది గనుక, సంఖ్యాబలం ఎక్కువున్న లోక్‌సభదే సాధారణంగా పైచేయి అవుతుంది. ద్రవ్య బిల్లులకు, రాజ్యాంగ సవరణ బిల్లులకు ఈ మార్గం లేదు.