ఉద్దానపు బడిలో ఛాత్రోపాధ్యాయులు

రాజులు వేయించిన శాసనములకును, జమీందారులు త్రవ్వించిన చెరువులకును చరిత్రకారులు దొరకిరి గాని, పంతులుపని నేర్చుకొనుచున్న పంతుళ్ళకు చరిత్ర వ్రాసినవారు మిక్కిలి తక్కువ. సంచిలో అట్టముక్కలతో చేసిన బోధనోపకరణములును, చేతిలో ఎర్రసిరాతో దిద్దబడిన పాఠ్యపథకముల పుస్తకమును పెట్టుకొని, ప్రొద్దున్నే శ్రీకాకుళము జిల్లా కాశీబుగ్గలో వజ్రపుకొత్తూరు వైపు పోవు ఆటోలో ముగ్గురి నడుమ ఇరుకుకొని కూర్చుండు ఇరువదియేండ్ల ఛాత్రోపాధ్యాయిని, తనకు ముందు ఈ త్రోవను ఎవరెవరు నడచిరో ఎరుగదు. మనోవిజ్ఞానశాస్త్రమున ఫలానా పండితుని సూత్రములు మూడో నాలుగో ఆమెకు కంఠస్థములు. తాను నిలువబోవు గడ్డమీద, తనవలెనే భయపడుచు మొదటిపాఠము చెప్పినవారి సంగతి మాత్రము ఏ పుస్తకములోను లేదు.

ఈ ఉద్దానపు సీమలో బడి యనగా మొదట వీథియరుగు. ఇసుక పరచి, దానిపై చూపుడువ్రేలితో ఓనమాలు దిద్దించి, చేయి కుదిరిన పిమ్మట తాటాకును గంటమును పట్టించు అయ్యవారు, అంతకుముందు మరియొక అయ్యవారి యరుగుమీద పెద్దశిష్యుడుగా నుండి, చిన్నవారిచేత గుణింతములు వల్లెవేయించి, ఎక్కములు అప్పగింపించుకొని, ఆ విధముగనే వృత్తి నేర్చినవాడు. 1823లో బళ్ళారి కలెక్టరు కాంబెల్ దొర మదరాసునకు పంపిన నివేదికలో, తెల్లవారుజామున అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని యరచేత ‘సరస్వతి’ యని వ్రాసెదరనియు, రెండవవానికి సున్న చుట్టెదరనియు, ఆ తరువాత వచ్చినవారికి వరుసగా దెబ్బలు పెరుగుచు పోవుననియు ఉన్నది. కట్టుబాటు కఠినమే, అయినను ఆ బడిలో పెద్దశిష్యుడు, నేడు మనము నెలల తరబడి ఏర్పాటుచేయు బోధనాభ్యసనమును పేరు లేకుండ ఏండ్లకొలది చేసినవాడే.

మదరాసు ఎగ్మూరులోని అనాథబాలుర ఆశ్రమమునకు 1789లో అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ అను పాదిరి, వీథిబడి పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, అదే పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టదలచెను. జీతము పుచ్చుకొను ఉపాధ్యాయులు ‘ఇది మావలన గాదు’ అని మొండికెత్తగా, ఆయన పిల్లలలోనే ఒకనికి అక్షరముల తరగతిని అప్పగించెను. 1797లో లండనున ఆయన ప్రకటించిన గ్రంథము మూలమున ఆ పద్ధతి మద్రాసు పేరనే ఇంగ్లండులో ప్రసిద్ధి కెక్కెను. ఆ అక్షరముల తరగతిని నడపిన జాన్ ఫ్రిస్కెన్ అను బాలుని వయస్సు ఎనిమిదేండ్లు. తొలినాడు నల్లబల్లయెదుట గొంతు తడియారిపోవు మన డీఎడ్ విద్యార్థులకు ఈ పేరు చెప్పినచో కొంత ధైర్యము కలుగునేమో!

మదరాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో కలెక్టరులచేత బడుల లెక్కలు తెప్పించి, 1826లో వ్రాసిన మినిట్‌లో, మదరాసు రాజధాని యంతట 12,498 బడులున్నవనియు, ఉపాధ్యాయునకు నెలకు ఆరేడు రూపాయలకంటె మించి రాదనియు, తగినవారు ఈ వృత్తికి రాకుండుటకు ఆ స్వల్పాదాయము కారణమనియు తేల్చెను. ఉపాధ్యాయులను తయారుచేయుటకు మదరాసులో ఒక పాఠశాల కావలెనని ఆయన సంకల్పము. 1827లో పత్తికొండలో ఆయనను కలరా కబళించెను. సంకల్పము కాగితములలో నిలిచిపోయినంత పని యైనది. తుదకు 1854 నాటి వుడ్ తాఖీదు వచ్చిన తరువాత, 1856లో మదరాసున గవర్నమెంటు నార్మల్ స్కూలు వెలసినది. అటుపై వచ్చిన ‘ఫలితములనుబట్టి గ్రాంటు’ పద్ధతి బడికి మేలుకంటె కీడే ఎక్కువ చేసినదని నా అభిప్రాయము. పరీక్షాధికారి ఏటేట వచ్చి, పిల్లలను వరుసగా నిలువబెట్టి, ప్యాసయిన తలలను లెక్కించి, ఆ లెక్కకు తగిన రూకలు మంజూరు చేయునపుడు, ఏ పంతులు ఒక్క పిల్లవాని సందేహముకొరకు ఆగి నిలుచును? పిల్లవాని నాలుకమీద పాఠము నిలిచిన చాలును, ఇంటిల్లిపాదికి గ్రాసము దొరకును.

ఇట్టి కాలమున, నార్మల్ స్కూలు గడప త్రొక్కకయే, మెట్రిక్యులేషను ప్యాసయి, పదునేడేండ్లు నిండీ నిండని వయస్సులో 1880లో పర్లాకిమిడి రాజావారి బడికి ఉపాధ్యాయుడై వచ్చిన గిడుగు వేంకట రామమూర్తిగారి సంగతి విస్తరించి చెప్పవలసినది. ఆయన ముఖలింగము చెంత పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించినవారు. అనగా టెక్కలి, పలాసలవారికి పొరుగువారే. చరిత్ర చెప్పవలసి వచ్చెను గనుక, ముఖలింగాలయపు గోడలమీది శాసనములను చదువవలెనను కోరిక పుట్టి, ఆ ప్రాచీన లిపులను తమంతట తామే నేర్చుకొనిరి. సంతకు దిగివచ్చు సవరలను కొండజనుల మాట చెవినిబడి, ఆ పిల్లలకు చదువు చెప్పవలెనన్న ముందు ఆ భాష మనకు రావలదా యని తోచి, తెలుగు తెలిసిన సవర నొకనిని ఇంట నుంచుకొని, అతనియొద్ద శిష్యులై, ఏండ్లతరబడి కృషిచేసి, సవరభాషలో వాచకములు వ్రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టించిరి. ప్రభుత్వమువారు పారితోషికము ఈయబోగా, ఆ ధనముతో సవరలకు ఒక మంచి బడి పెట్టి నడపుడని కోరిరి. ఆయన సవర వ్యాకరణము 1931లో అచ్చయినది. పాఠము చెప్పుటకు వచ్చినవాడు పాఠము నేర్చుకొనుటకు కూర్చుండుట, మన విద్యాచరిత్రలో ఇంత స్పష్టముగా మరియొకచోట కానరాదు.

1906 ప్రాంతమున ఈ జిల్లాలకు పాఠశాలల తనిఖీకి వచ్చిన జె. ఎ. ఏట్స్ దొరకు, పంతులు నోట నొక తెలుగును, పుస్తకమున మరియొక తెలుగును ఉండుట ఆశ్చర్యము కలిగించెను. ఆ ప్రశ్న గిడుగువారిని చేరి, వ్యావహారిక భాషోద్యమమై, గురజాడవారిని కలుపుకొని, తెలుగు చదువుల రూపునే మార్చివేసినది. అది పుట్టినది పండితసభలో గాదు, పిల్లలబడిలో. (గిడుగువారిని గూర్చి ఈ గ్రాంథికచ్ఛాయలో వ్రాయుట చూచియున్నచో ఆయన తప్పక నవ్వియుందురు, ఏమి చేయుదును, చేయి తిరిగిన త్రోవ యిది.) నౌపడానుండి పర్లాకిమిడికి 1900లో వచ్చిన చిన్నరైలు కొండదారిని దగ్గర చేసినది గాని, కొండపిల్లవానికిని పుస్తకమునకును నడుమ దూరము అంత సులువుగా తగ్గలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిషా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అటు పోవగా, వృద్ధుడైన గిడుగువారు ఊరు విడచి రాజమహేంద్రవరము చేరిరి, 1940లో కన్నుమూసిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర మొదలగు ఎనిమిది భాషలలో తొలితరగతుల బోధనకు 2004 ప్రాంతమున పూనుకొనుసరికి, ఆయన పోయి అరువదియేండ్లు దాటినది. మహేంద్రగిరి వైపునకు మందసా మీదుగా ఎక్కి, కొండబడిలో బోధనాభ్యసనము చేయు ఛాత్రోపాధ్యాయులకు మొదటివారమంతయు ఎదురగు చిక్కు నేటికిని అదియే: తాము చెప్పినది పిల్లలకు తెలియదు, పిల్లలు అన్నది తమకు తెలియదు.

శిక్షణాలయములు మన ప్రాంతమునకు చేరువైన పిమ్మట నేర్చుకొను పద్ధతియు మారెను. మురపాకలో 1924లో జన్మించిన కాళీపట్నము రామారావుగారు భీమిలిలో సెకండరీ గ్రేడు శిక్షణ పొంది, 1948 నుండి ముప్పదియొక్క సంవత్సరములు విశాఖపట్టణమున ఒకే పాఠశాలలో, ఒకే హోదాలో ఉపాధ్యాయులై యుండిరి. కథకులుగా ఎంత కీర్తి వచ్చినను ఉత్తరాంధ్ర ఆయనను ‘కారా మాష్టారు’ అనియే పిలిచినది. ఆ తరము శిక్షణలో మోడల్ స్కూలనునది తప్పనిసరి. శిక్షణాలయమును అంటిపెట్టుకొని యుండు ఆ బడిపిల్లలు, ఏటేట క్రొత్త పంతుళ్ళను చూచి చూచి ఆరితేరినవారు. పిల్లల మనస్సును పాఠమువైపు త్రిప్పు ఉన్ముఖీకరణమునకై ఛాత్రోపాధ్యాయుడు ‘పిల్లలూ, ఆకాశములో రాత్రివేళ ఏమి కనబడును?’ అని అడుగుట పూర్తికాకమునుపే ‘చంద్రుడు పాఠమండీ’ అని అరచి, అతని పాఠ్యపథకమున మొదటి సోపానమును కూల్చివేయగలవారు. జర్మనీ దేశపు హెర్బార్టు శిష్యులు కట్టిన సోపానములు, ఇంగ్లండు మీదుగా మదరాసు చేరి, అచటనుండి మన మోడల్ స్కూళ్ళకు వచ్చునప్పటికి, పిల్లలకు అవి కాలికి అలవాటైన మెట్లైపోయినవి. వెనుకబల్లమీద అధ్యాపకుడును, తోటి ఛాత్రోపాధ్యాయులు పదిమందియు కాగితములు పట్టుకొని కూర్చుండు ‘క్రిటిసిజం పాఠము’ నాడు ఎందరికి చెమటలు పట్టెనో చెప్పనలవి గాదు. తప్పులు పట్టుటకు అందరును సిద్ధము. పిల్లలకు ఏమి వచ్చెనని అడుగువాడు అరుదు.

1937లో వార్ధా నుండి బయలుదేరిన బేసిక్ విద్య, తకిలీలను, నూలుచిలపలను బడిలోనికి తెచ్చి, కొన్నాళ్ళు వెలిగి, ఆరిపోయినది. 1986 జాతీయ విద్యావిధానము పిమ్మట జిల్లాకొక శిక్షణసంస్థ వచ్చినది. శ్రీకాకుళమునకు గార మండలము వమరవల్లిలో డైట్ ఏర్పడినది. బ్రిటిషువారి సహాయముతో నడచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యాపథకము ఆ దశాబ్దమందే గోడలకు పిల్లలు గీసిన బొమ్మలను అతికించి, పిల్లలను గుంపులుగా కూర్చుండబెట్టి, పంతులు వారి నడుమకు నడువవలెనని చెప్పినది. బొమ్మలు అతికింపబడినవి. నడచుట మాత్రము కొందరికే వచ్చెను.

ఉద్దానములో తరగతిగది వెలుపల ఉన్న చదువు మరియొకటి. కొబ్బరి, జీడి, పనస తోటల నడుమ ఊళ్ళు. పలాస–కాశీబుగ్గలో వరుసగా జీడిపప్పు పరిశ్రమలు. ఎందరో పిల్లల తల్లులు అచట పిక్కలు కొట్టుటకును, పొట్టు తీయుటకును, పప్పు ఏరుటకును పోవువారు. మార్చి నెలనుండి జీడిపిక్కలు రాలుకాలమున హాజరుపట్టీ పలుచబడును. కారణమేమని అడుగు పంతులు ఊరికి క్రొత్తవాడని అర్థము. నే నెరిగిన ఒక ఛాత్రోపాధ్యాయిని, తీరమునకు చేరువనున్న ప్రాథమిక పాఠశాలలో నాలుగవ తరగతికి భాగహారము చెప్పుటకై, రంగుకాగితములతో ఆపిలుపండ్లు కత్తిరించి తెచ్చినది. పాఠము సాగలేదు. పెద్ద సంఖ్యతో భాగించినచో వచ్చునది చిన్నదగుననుట పిల్లలకు ఎక్కలేదని ఆమె తలచి, మరల మరల చెప్పుచుండగా, ముందువరుసలోని పిల్ల యొకతె లేచి, ‘అది మాకు తెల్సు టీచర్! మాయమ్మ ఏర్తాది గదా, నూటెనభైయంటే పెద్ద గుండు, మూడొందలిరవైయంటే సిన్న గుండు’ అన్నది.

ఆమెకు మొదట బోధపడలేదు. పలాసలో పప్పు రకములకు 180, 210, 240, 320 అని పేర్లు. పౌను తూకమునకు ఎన్ని గుండ్లు, అనగా విరుగని పప్పులు, వచ్చునో ఆ సంఖ్య. కనుక సంఖ్య పెరిగినకొలది గుండు చిన్నదగును, ధర తగ్గును. ఒక పౌను అనగా సుమారు 453 గ్రాములు. దానిని 180తో భాగించినచో గుండు రెండున్నర గ్రాములు, 320తో భాగించినచో ఒకటిన్నరకు దగ్గర. తల్లులు తూకము లేకుండ కంటిచూపుతో వేరుచేయు ఆ లెక్కను, పిల్లలు ఇంట వాకిట విని పెరిగిరి. మరునాడు ఛాత్రోపాధ్యాయిని ఆపిలుపండ్లను సంచిలోనే ఉంచి, అంగడిలో రెండు రకముల పప్పు కొలదిగా కొని, తక్కెడ నొకటి తెచ్చినది. పిల్లలు తూచిరి, లెక్కించిరి, వాదించుకొనిరి, కొంత తినివేసిరి. తిన్నది పోగా మిగిలినదానితో మరల భాగించిరి. బస్తా పిక్కలు 80 కిలోలనియు, ఒక బస్తాకు పప్పు ఎంత దిగునో తమ ఇండ్లలో అడిగి వచ్చెదమనియు వారే అనిరి. ఆ పాఠము రెండు పీరియడ్లు మించి సాగినది.

ఇట్టి బడిలో ప్రతి పాఠమును ఇంత కులాసాగా నడువదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరమును తాకి, ఉద్దానపు కొబ్బరిచెట్లను, జీడితోటలను కూలద్రోసిన పిమ్మట, ‘మన చుట్టునున్న చెట్లు’ అను పాఠము చెప్పవలసివచ్చినవారు ఉన్మూలితములైన మ్రాకుల నడుమనుండి బడికి నడచివచ్చిన పిల్లలయెదుట ఏ ఉన్ముఖీకరణ ప్రశ్న అడుగవలెను? పాఠ్యపథకమున దానికి గడి లేదు. అట్టినాడు పిల్లలను మాటాడనిచ్చి, ఏ ఇంట ఎన్ని చెట్లు పోయినవో బల్లమీద వ్రాయించినవారు, తమకు తెలియకుండగనే మంచి ఉపాధ్యాయులైరని నేననుకొందును.

జీడిపప్పుతో భాగహారము చెప్పిన ఆమె అభ్యసనకాలము ముగియు ముందు, ఆమె శిక్షణాలయమునుండి పరిశీలకుడొకరు వచ్చిరి. రికార్డు తిరుగవేసి, ఆపిలుపండ్ల పథకము ఎచటనని అడిగి, తక్కెడను చూచి, పిల్లలతో కాసేపు మాటాడిరి. పిల్లలు ఆయనను గూడ పప్పు ఏ రకమో గుర్తుపట్టుమని అడిగిరట; ఆయన తప్పు చెప్పిరట. పోవుచు రికార్డులో ‘చార్టులు చాలవు, స్థానిక వనరుల వినియోగము బాగున్నది’ అని వ్రాసి, సంతకము చేసిరి. ప్రధానోపాధ్యాయిని మాత్రము, వచ్చే యేడు వచ్చువారికి పనికివచ్చునని ఆ తక్కెడను బీరువాలో పెట్టించుకొని, పప్పు ఖర్చు ఎంతయైనదో అడిగి ఇచ్చివేసినది.