సినిమా సంగీత ఆల్బమ్‌లలో తొలితరం జాజ్ గిటార్

1920ల నడిమి కాలం నుంచి 1940ల ఆరంభం దాకా అమెరికాలోనూ ఫ్రాన్స్‌లోనూ రికార్డయిన గిటార్ వాదనను స్థూలంగా తొలితరం జాజ్ గిటార్ అంటారు. ఒక్కో వైపు దాదాపు మూడు నిమిషాలు మాత్రమే పట్టే 78 ఆర్.పి.ఎం. రికార్డులపై వెలువడిన ఈ సంగీతం, ఆ రికార్డులు సేకరించేవారికి వెలుపల ఉన్న శ్రోతలను చేరడంలో సినిమా ఆల్బమ్‌ల పాత్ర పెద్దది.

తొలి జాజ్ బృందాలలో తాళం నిలిపే పని ఎక్కువగా బాంజోది. గిటార్ నాదం మెత్తనిది. బాకాల మధ్య వినబడేది కాదు. 1925లో మైక్రోఫోన్‌తో విద్యుత్ ధ్వనిముద్రణ మొదలయ్యాక పరిస్థితి మారింది. ఫిలడెల్ఫియాలో పుట్టిన ఎడ్డీ లాంగ్ (1902–1933) గిటార్‌ను తాళానికే పరిమితం చేయక, రాగం పలికించే వాద్యంగా నిలబెట్టాడు. నల్లజాతి కళాకారుడు లానీ జాన్సన్‌తో కలిసి 1928–29లో అతడు చేసిన జంట వాదనలు నేటికీ సాటిలేనివి. ఆ రికార్డులపై లాంగ్ తన పేరు మార్చి, బ్లైండ్ విల్లీ డన్ అని వేయించుకున్నాడు. 1930 నాటి వర్ణచిత్రం 'కింగ్ ఆఫ్ జాజ్'లో వయొలిన్ విద్వాంసుడు జో వెనూటితోనూ, 1932లో 'ద బిగ్ బ్రాడ్‌కాస్ట్'లో గాయకుడు బింగ్ క్రాస్బీ పక్కనా లాంగ్ కనిపిస్తాడు. మరుసటి ఏడాదే టాన్సిల్స్ శస్త్రచికిత్స తరువాత కన్నుమూశాడు. అప్పటికి అతడికి 30 ఏళ్లే.

ఐరోపాలో ఈ సంగీతానికి మారుపేరు జాంగో రైన్‌హార్ట్. 1910 జనవరి 23న బెల్జియంలోని లిబెర్షీ గ్రామంలో, మనూష్ అనే సంచార రోమా తెగ కుటుంబంలో జన్మించాడు. 1928లో అతడు నివసించే బండికి నిప్పంటుకుని ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు వంకరపోయాయి. మిగిలిన రెండు వేళ్లతోనే మెట్లమీద మెరుపువేగంతో పరుగెత్తే కొత్త వాదన పద్ధతిని అతడు సాధించాడు. 1934లో పారిస్‌లో స్టెఫాన్ గ్రాపెల్లి వయొలిన్‌తో, మరో రెండు గిటార్లతో, బేస్‌తో 'హాట్ క్లబ్ ద ఫ్రాన్స్' పంచవాద్య బృందం ఏర్పడింది. అందులో డ్రమ్స్ లేవు, బాకాలు లేవు. లయ భారమంతా ఆ రెండు గిటార్లదే. 1937లో 'మైనర్ స్వింగ్', 1940లో 'న్యూఆజ్' రికార్డయ్యాయి. 1953 మే 16న జాంగో మరణించాడు. ఇంతలో అమెరికాలో బెనీ గుడ్‌మన్ బృందంలో 1939లో చేరిన చార్లీ క్రిస్టియన్ విద్యుత్ గిటార్‌తో మరో యుగం తెరిచి, 1942లో క్షయతో మరణించాడు. ఆ తరువాతి మూడు దశాబ్దాలూ విద్యుత్ గిటార్‌వే.

1974లో లూయీ మాల్ తీసిన 'లాకోంబ్ లూసియెన్' జాంగో రికార్డులను తెరమీదికి తెచ్చింది. 1944 నాటి ఫ్రాన్స్‌లో జర్మన్ పోలీసులకు తొత్తుగా మారిన పల్లెటూరి కుర్రాడి కథ అది. నాజీలు గర్హించిన జాజ్‌ను వారి ఆక్రమణ కాలపు కథకు జోడించడం దర్శకుడి సూక్ష్మదృష్టికి నిదర్శనం.

ఈ కోవలో అగ్రస్థానం వుడీ ఆలెన్ 'స్వీట్ అండ్ లోడౌన్' (1999) ఆల్బమ్‌ది. ప్రపంచంలో తనను మించినవాడు జాంగో ఒక్కడేనని నమ్మే ఎమెట్ రే అనే కల్పిత గిటారిస్టుగా షాన్ పెన్ నటించాడు. అతడికీ, మాట రాని హ్యాటీ పాత్ర వేసిన సమంతా మోర్టన్‌కూ ఆస్కార్ నామినేషన్లు దక్కాయి. తెరమీద వేళ్లు పెన్‌వి, నాదం హవర్డ్ ఆల్డెన్‌ది. వేళ్లు స్వరాలకు సరిపోయేలా పెన్‌కు శిక్షణ ఇచ్చినవాడూ ఆల్డెనే. డిక్ హైమన్ సంగీత నిర్వహణలో, బకీ పిజ్జరెల్లి తాళ గిటార్ తోడుగా, 1930ల బాణీలను కొత్తగా రికార్డు చేశారు.

పాత రికార్డుల గరగరలో కలిసిపోయే తాళ గిటార్ ఇక్కడ విడిగా, స్పష్టంగా వినిపిస్తుంది. కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుచ్ఛం) మీటిన మరుక్షణమే తీగలపై ఎడమచేతి వేళ్ల ఒత్తిడి సడలించి నాదాన్ని ఆపేయడం ఆ వాదనకు కీలకం. ఆ చిన్న నిశ్శబ్దమే స్వింగ్ అనే జాజ్ లయ ఊపుకు ప్రాణం. 'స్వీట్ జార్జియా బ్రౌన్', 'లైమ్‌హౌస్ బ్లూస్' వింటే సంగతి బోధపడుతుంది. అయితే ఆల్డెన్ వాదన ఎంత నిర్దుష్టమైనా, జాంగోలోని తెగింపు అందులో తక్కువే.

తరువాత 'షోకొలా' (2000)లో 'మైనర్ స్వింగ్' వినిపించింది. యానిమేషన్ చిత్రం 'ద ట్రిప్లెట్స్ ఆఫ్ బెల్‌విల్' (2003) జాంగోను బొమ్మగా చూపింది. 2017లో బెర్లిన్ చిత్రోత్సవాన్ని ప్రారంభించిన ఎతియెన్ కోమార్ చిత్రం 'జాంగో' కోసం స్టోచెలో రోజెన్‌బర్గ్ బృందం ఆ బాణీలను తిరిగి వాయించింది.

కొత్తగా వినేవారు 'స్వీట్ అండ్ లోడౌన్' ఆల్బమ్‌లోని 'ఐల్ సీ యూ ఇన్ మై డ్రీమ్స్'తో మొదలుపెట్టి, వెంటనే అదే పాటకు 1939లో జాంగో ఇచ్చిన రికార్డు వినడం మేలు. అందులో వయొలిన్ లేదు. రెండు గిటార్లు, ఒక బేస్, అంతే.