అమ్రాబాద్ పులుల అభయారణ్యం: అటవీ సందర్శన

తెలంగాణలోని నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో కృష్ణానది వెంబడి విస్తరించిన నల్లమల అడవి భాగమే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఒకప్పటి నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంలో భాగమైన ఇది 2014 రాష్ట్ర విభజన తర్వాత వేరైంది. కోస్టారికా వంటి మధ్య అమెరికా దేశాల వర్షారణ్యాలు ఏడాదంతా పచ్చగా ఉంటాయి. నల్లమల మాత్రం వేసవిలో ఆకు రాలుస్తుంది. మోడువారిన అడవిలో చూసేదేముందని కొందరంటారు. ఆ మాట నిలవదు. టేకు ఆకు రాల్చేది చెమ్మను కాపాడుకోవడానికే. రాలిన ఆకు కుళ్లి నేలకు సత్తువనిస్తుంది. పొదలు పలచబడి, జంతువులు నీటి చెలమలకు చేరే ఎండాకాలంలోనే దుప్పులు, కణుజులు బాగా కనిపిస్తాయి.

సందర్శకుల వల్ల అడవి పాడవుతుందన్న అభ్యంతరం మాత్రం బలమైనదే. అడవిని చీల్చుకుపోయే హైదరాబాద్–శ్రీశైలం రోడ్డుపై రాత్రిపూట రాకపోకలను ఆపేది వన్యప్రాణుల రక్షణ కోసమే. అయితే పరిష్కారం తలుపులు మూయడం కాదు, రాబడిని అడవి కాచేవారికి చేర్చడం. కోస్టారికా 1996 అటవీ చట్టం చెట్లను నిలిపిన భూయజమానులకు చెల్లింపులకు దారి వేసింది. ఇక్కడ అలాంటి చెల్లింపు పొందే హక్కు ముందుగా ఈ అడవిలో బతికే చెంచు ఆదివాసులది: తేనెపట్టును పూర్తిగా పిండక కొంత వదిలే వారి పద్ధతే సంరక్షణకు పునాది. వారిని పక్కన పెట్టిన పర్యాటకం అడవికి మేలు చేయదు.