ట్యాక్స్ వాళ్ళ లెక్కలో ఇల్లంటే ఏది?

కన్సల్టింగులో ఉన్న మనవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే, వీసాల గోల అయ్యాక వచ్చే రెండో టాపిక్ పర్‌డీమ్. క్లయింటు ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ తిండికీ బసకీ రోజుకింత అని కంపెనీ ఇచ్చే డబ్బు. దానిమీద పన్ను పడదు కాబట్టి అందరికీ అదంటే ముద్దే. అసలు ఎందుకు పడదూ అని అడిగి చూడండి, "మా అకౌంటెంటు చూసుకుంటాడు లెండి" అంటారు. ఆయన చూసుకునే ఆ సంగతి వెనక అమెరికాలో వందేళ్ళ గొడవ ఉంది. గొడవల్లా ఒకే ఒక్క మాట మీద: ఇల్లు.

1921లో అమెరికన్ కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. "ఇంటికి దూరంగా" వ్యాపారం పనిమీద తిరిగేవాళ్ళు ప్రయాణంతో పాటు తిండి, బస ఖర్చులు మొత్తం ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. ఊరూరా తిరిగి సరుకు అమ్ముకునే సేల్స్‌మెన్‌కి పండగే. కానీ ఇల్లంటే ఏమిటో మాత్రం చట్టంలో ఎక్కడా రాయలేదు. పన్నుల శాఖవాళ్ళు తమకి వీలుగా అర్థం చెప్పుకున్నారు: పెళ్ళాం పిల్లలు ఉండే చోటు కాదు, నువ్వు ముఖ్యంగా పనిచేసే చోటే నీ ఇల్లు. అలాగైతే ఆఫీసుకి వెళ్ళడమంటే ఇంటికి వెళ్ళడమేనన్నమాట!

ఈ పేచీ సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళింది ఒక రైల్వే లాయరు, ఫ్లవర్స్ అని. కాపురం మిసిసిపీలోని జాక్సన్‌లో, కంపెనీ ఆఫీసు అలబామాలోని మొబీల్‌లో. ఊరు మారనని ముందే చెప్పి, రాకపోకల ఖర్చు తనే పెట్టుకుంటానని ఒప్పుకున్నాడు. 1939లో 33 సార్లు, 1940లో 40 సార్లు మొబీల్ వెళ్ళొచ్చి, ఆ ఖర్చులు రిటర్నులో చూపించాడు. 1946లో కోర్టు కుదరదంది. తమాషా ఏమిటంటే ఇల్లంటే ఏమిటో మేం తేల్చం అంటూ కోర్టు తప్పుకుంది. ఆ ఖర్చు రైల్వే అవసరం వల్ల రాలేదు, జాక్సన్‌లో ఉండాలన్న ఆయన సరదా వల్ల వచ్చింది, కాబట్టి కుదరదు, అంతే. జస్టిస్ రట్లెడ్జ్ ఒక్కడే విభేదించాడు. కాంగ్రెస్ ఇల్లు అని రాస్తే దానర్థం ఇల్లే గానీ ఆఫీసు కాదు అన్నది ఆయన వాదన. నాకు ఆయన వైపే న్యాయం కనిపిస్తుంది.

లాయరుగారి సంగతి సరే, ఆయనకి ఊరు మారే వీలుంది. 1958లో పురిఫాయ్ కేసులో కోర్టుకెక్కినవాళ్ళు కట్టుబడి కూలీలు. నార్త్ కెరొలినాలోని కిన్‌స్టన్ దగ్గర డ్యూపాంట్ ఫ్యాక్టరీ కట్టడానికి వెళ్ళారు. ముగ్గురిలో ఒకరు ఇరవైన్నర నెలలు, ఒకరు పన్నెండున్నర, ఒకరు ఎనిమిదిన్నర నెలలు పనిచేశారు. కట్టడం పూర్తయితే వెళ్ళిపోవాల్సినవాళ్ళు. సంసారం ఎత్తుకుని అక్కడికి ఎందుకు మారతారు? అయినా ఓడిపోయారు. "తాత్కాలికం" అయితే ఖర్చు చెల్లుతుంది, ఎప్పుడు అయిపోతుందో తెలియని పనైతే చెల్లదు అన్న తేడా ఈ కేసుతో గట్టిపడింది. మన కాంట్రాక్టుల గురించి అడిగే మొదటి ప్రశ్న ఇప్పటికీ అదే.

ఇక 1986. మన వృత్తి చరిత్రలో గుర్తుపెట్టుకోవాల్సిన సంవత్సరం. ఆ ఏటి పన్నుల సంస్కరణ చట్టంలో 1706వ సెక్షన్ ఇంజనీర్లనీ, ప్రోగ్రామర్లనీ, సిస్టమ్స్ ఎనలిస్టులనీ పేరుపెట్టి మరీ పట్టుకుంది. మధ్యలో ఏజెన్సీ ఉండి క్లయింటుకి పనిచేసే టెక్నికల్ మనుషులని స్వతంత్ర కాంట్రాక్టర్లుగా చూపడానికి 1978 నుంచీ ఉన్న రక్షణ తీసేసింది. ఏజెన్సీలు జడిసి అందరినీ డబ్ల్యూ-2 ఉద్యోగులుగా మార్చేశాయి. అదే చట్టం ఉద్యోగులు సొంతంగా పెట్టుకున్న ఖర్చులమీద ఇంకో కత్తెర వేసింది: ఆదాయంలో 2 శాతం దాటిన భాగమే చెల్లుతుంది. అంటే ఒక చేత్తో ప్రోగ్రామరుని ఉద్యోగిని చేసి, రెండో చేత్తో ఉద్యోగి మినహాయింపు తగ్గించారు. (2010లో ఆస్టిన్‌లో పన్నుల ఆఫీసు ఉన్న భవనం మీదకి చిన్న విమానంతో దూసుకెళ్ళిన ఇంజనీరు వదిలివెళ్ళిన ఉత్తరంలో ఈ సెక్షన్‌ని ఎత్తి రాశాడు. ఆ ఘోరానికి అది సాకు కాదు, కానీ ఆ కోపం ఎంతకాలం నిలిచిందో తెలుస్తుంది.)

1992లో ఇంధన విధానం చట్టంలో, అవును, ఇంధనం చట్టంలోనే, ఒక ఏడాది గీత గీశారు. ఒకే చోట పని ఏడాది దాటితే అది తాత్కాలికం కాదు. మరుసటేడు వచ్చిన వివరణ ఇంకా ముఖ్యం: ఎన్నాళ్ళు ఉన్నావన్నది ఒక్కటే కాదు, ఎన్నాళ్ళు ఉంటావని అనుకున్నావన్నది కూడా చూస్తారు. ఆరు నెలల కాంట్రాక్టుకి వెళ్ళి, ఎనిమిదో నెలలో ఇంకో ఏడాది ఎక్స్‌టెన్షన్ వచ్చిందనుకోండి. ఆ కబురు తెలిసిన రోజు నుంచే పర్‌డీమ్‌కి పన్ను మొదలు. పన్నెండు నెలలు నిండేదాకా ఆగక్కర్లేదు. మనలో ఎంతమంది ఆ తారీఖు రాసిపెట్టుకుంటారు?

2017 చట్టం ఆ 2 శాతం దారిని కూడా 2018 నుంచి మూసేసింది, 2025లో ఆ మూత శాశ్వతమైంది. ఇప్పుడు డబ్ల్యూ-2 మీద ఉన్నవాడు జేబులోంచి పెట్టిన హోటలు ఖర్చు ఫెడరల్ రిటర్నులో చెల్లదు. కంపెనీ పద్ధతిగా లెక్కకట్టి ఇస్తేనే ఉంది, లేకపోతే లేదు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. గుంటూరు నుంచి హెచ్-1బీ మీద వచ్చి, ఎడిసన్ గెస్ట్‌హౌస్‌లో నెలరోజులు బెంచి మీద కూర్చుని, అక్కడినుంచి మినియాపొలిస్ క్లయింటుకి వెళ్ళిన కుర్రాడికి ఇల్లెక్కడ? అంటే ఏ ఇంటికి దూరంగా ఉన్నట్టు? 1973 నుంచీ ఐఆర్ఎస్ దీనికి మూడు ప్రశ్నలు అడుగుతోంది. ఇల్లని చెప్పేచోట ఉంటూ ఆ చుట్టుపక్కల కొంతైనా పనిచేస్తున్నావా? అక్కడా ఇక్కడా రెండు ఖర్చులూ మోస్తున్నావా? మీవాళ్ళు అక్కడున్నారా, లేదా నువ్వు తరచూ వెళ్ళొస్తున్నావా? కనీసం రెండిటికి అవునని చెప్పలేకపోతే నీకు ఇల్లే లేదు, తాబేలులా వీపునే మోసుకు తిరుగుతున్నట్టు. ఇల్లు లేనివాడు ఇంటికి దూరంగా ఎలా ఉంటాడు? పర్‌డీమ్ మొత్తం జీతమే. హైదరాబాదు ఉద్యోగం అలాగే ఉంచుకుని ఎనిమిది నెలల డెప్యుటేషన్ మీద వచ్చినతని కథ వేరు, అతని ఇల్లు మామూలుగా హైదరాబాదే.

ఈ తిరకాసులో లాభం కంపెనీది. జీతం తగ్గించి పర్‌డీమ్ పెంచితే వాళ్ళు కట్టే పేరోల్ పన్ను తగ్గుతుంది. మన డబ్ల్యూ-2 మాత్రం చిక్కిపోతుంది. హెచ్-1బీకి చూపించాల్సిన జీతం పన్ను కోసిన జీతంగా కనపడాలి, పర్‌డీమ్‌తో ఆ లోటు పూడదు. గ్రీన్‌కార్డు సమయంలో అధికారి అడిగేది మననే, అకౌంటెంటుని కాదు. 2012లో ఐఆర్ఎస్ ఇచ్చిన రూలింగు ఈ వేషాన్ని జీతమే అని తేల్చింది. అది మీకు వర్తిస్తుందో లేదో తెలుసుకోవాలంటే రెండు పే స్లిప్పులు చాలు: బయటి ఊళ్ళో పనిచేసిన నెలదీ, ఉన్న ఊళ్ళోనే పని దొరికిన నెలదీ. రెండో నెలలో పర్‌డీమ్ పోయి, జీతం సరిగ్గా అంతే పెరిగి, మొత్తం మాత్రం కదలకపోతే అది పర్‌డీమ్ కాదు.