గురజాల దాకా వచ్చిన ప్రపంచం

పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మన పల్నాడు తండాల్లో, ఎరుకల కాలనీల్లో చర్చికెళ్ళే పెద్దలు ఈ మధ్య ఒకటే మాట అంటున్నారు: ప్రపంచీకరణ వచ్చి పిల్లల్ని లోకంలో కలిపేస్తోంది, పాత విశ్వాసం పోతోంది అని. చేతిలో సెల్లు, అందులో విదేశీ బోధకుల దీవెనల బేరం, ఆదివారం కూడా డ్యూటీ. వాళ్ళ భయం ఉత్తదని మేం అనం. కాకపోతే ఆ పాత విశ్వాసం ఏ దారిన వచ్చిందో ఒకసారి చూడాలి.

జర్మనీలో పుట్టి అమెరికాలో పాస్టరైన హయ్యర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. 1849లో గురజాలకు మకాం మార్చాడు. అమెరికా లూథరన్ సంఘాలు డబ్బు పంపేవి. 1861లో అక్కడ అంతర్యుద్ధం మొదలయ్యేసరికి ఇక్కడి మిషన్‌కు మనుషులూ డబ్బూ కరువయ్యాయి. ఎక్కడి యుద్ధం, ఎక్కడి గురజాల! 1869లో రాజమండ్రి పనిని ఇంగ్లీషు వాళ్ళ మిషన్‌కు అప్పజెప్పబోతుంటే, 76 ఏళ్ళ ఆ ముసలాయనే అడ్డుపడి మళ్ళీ ఇండియాకు ఓడెక్కాడు. ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి అని మనవాళ్ళ పేరుతో సంఘం ఏర్పడింది 1927లో.

మనవాళ్ళకు ప్రపంచం తగిలింది ఇంకో రకంగా. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ మోసి సైన్యాలకు కూడా తిండి అందించిన లంబాడీల బతుకుతెరువును రోడ్లూ రైళ్ళూ మింగేశాయి. ఉప్పు అమ్ముకునే ఎరుకలదీ అదే గతి. పైగా నేరస్థ తెగల చట్టం, 1871లో మొదలై 1911లో మద్రాసు రాజ్యానికీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటును ప్రభుత్వం సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టింది. బడి పెట్టిందీ వాళ్ళే, హాజరు తీసుకుందీ వాళ్ళే. అందుకే అక్కడి పెద్దల జ్ఞాపకాల్లో ప్రార్థన, పోలీసు పక్కపక్కనే ఉంటాయి. (సినిమావాళ్ళకు మాత్రం దొంగలే కనపడతారు.) ఆ చట్టం రద్దయింది 1952లో.

ఇప్పుడు అసలు సంగతి. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వులో మతం షరతు ఉంది, ఎస్టీ ఉత్తర్వులో లేదు. అంటే చర్చికెళ్ళినా మనం ఎస్టీలమే. మతం మారినవాళ్ళను జాబితాలోంచి తీసెయ్యాలని కొందరు గట్టిగానే అడుగుతున్నారు, ఆచారాలు వదిలేశారన్నదే వాళ్ళ వాదన. ఇటు చూస్తే తీజ్ బుట్టలో గోధుమలు చల్లడం విగ్రహారాధన అని మన పెద్దలే పిల్లల్ని ఆపుతున్నారు. గోర్ బోలి పాట రాని పిల్ల మొన్నొకతి మా దగ్గరే బిక్కమొహం వేసింది. లోకం లాక్కుపోతోందని భయపడే పెద్దలు, ఆ పాటను ఆపింది ఎవరో కూడా చెప్పాలి కదా.

వచ్చే శ్రావణంలో తీజ్‌కు చర్చి ఇళ్ళ ఆడపిల్లల్నీ పిలుద్దామని అనుకున్నాం. తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకలు పెంచడమే, ఎవరి ప్రార్థన వాళ్ళది. ఒక తాత ఇంకా ఒప్పుకోలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్తున్నాం, వచ్చేవాళ్ళు కింద పేరు పెట్టండి.